రక్తములో కాన్సరు జాడలు – వానిని పట్టి యిచ్చు ఉత్ప్రేరకములు

కాన్సరును తెలుగునాట రాచపుండు అని పిలిచెడివారు. పుండుగానో, గడ్డగానో పైకి కనబడిన తరువాతనే ఆ వ్యాధి వచ్చినట్లు తెలిసెడిది. కాని అది మొదలగునది ఒకే ఒక జీవకణములో. అదుపు తప్పిన ఆ కణము రెండుగా చీలును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ఇట్లు 30 మారులు రెట్టింపైనచో కణముల సంఖ్య 100 కోట్లు దాటును. అంతటి కణితి బరువు సుమారు ఒక గ్రాము. పరిమాణమున చిన్న రేగుపండంత. అది మరి 10 మారులు మాత్రమే రెట్టింపైనచో ఒక కిలోగ్రాము బరువగును. అంత పెరుగుటకు ముందే సాధారణముగా రోగి ప్రాణమునకు ముప్పు వాటిల్లును. పుట్టిన కణములన్నియు బ్రతుకవు కావున నిజమైన లెక్క ఇంత సూటిగా ఉండదు. అయినను దీనివలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. చేతికి గడ్డ తగులునప్పటికే వ్యాధి తన ప్రయాణములో నాలుగింట మూడు వంతులు ముగించి యుండును.

అంతకు ముందే దాని జాడ తెలిసికొను మార్గము లేదా? పెద్దవారి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తము ఉండును. విశ్రాంతిగా నున్నప్పుడు అది ఇంచుమించు నిమిషమునకు ఒక మారు శరీరమంతయు చుట్టి వచ్చును. అది చేరని అవయవము దాదాపు లేదు. ఏ మూలనైనను కాన్సరు కణములు ప్రత్యేకమైన పదార్థము నేదైన తయారు చేసినచో, అది రక్తములో కలియక మానదు. ఆ పదార్థమును రక్తములో గుర్తించగలిగినచో వ్యాధిని గుర్తించినట్లే అని శాస్త్రజ్ఞులు తలచిరి. ఇట్టి పదార్థములకు కాన్సరు సూచకములు అని పేరు.

ఈ ఆలోచన చెప్పుటకు సులభమే కాని, ఆచరణలో రెండు చిక్కు లెదురైనవి. మొదటిది, సూచకముల పరిమాణము మిక్కిలి స్వల్పము. రెండవది, సూచకము కనబడినంత మాత్రమున దాని అర్థము తెలిసినట్లు కాదు. మొదటి చిక్కును ఉత్ప్రేరకములు చాల వరకు విడదీసినవి. రెండవ చిక్కును ఏ ఉత్ప్రేరకమును విడదీయజాలదు. ఈ రెండింటి భేదమును గ్రహించిననే రక్తపరీక్షల విలువయు, వాని హద్దులును బోధపడును.

మొదటి సూచకము

కాన్సరు సూచకములలో మొట్టమొదటిది రక్తములో గాక మూత్రములో దొరకినది. 1847లో లండన్ నగరమున హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్యుడు, ఎముకలు మెత్తబడి బాధపడుచున్న ఒక రోగి మూత్రమును పరీక్షించి అందలి విచిత్రమైన ప్రోటీనును వర్ణించెను. కోడిగ్రుడ్డులోని తెల్లసొన కాచినకొలది గట్టిపడును గాని, తిరిగి కరుగదు. ఈ ప్రోటీను అట్లు కాదు. గోరువెచ్చదనము దాటి 50, 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తెల్లగా విరుగును; మరుగువరకు కాచినచో తిరిగి కరుగును; చల్లార్చినచో మరల కనబడును.

ఆ వ్యాధి మల్టిపుల్ మైలోమా అను మూలుగలోని కాన్సరు. ఆ ప్రోటీను ఏమిటో తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. మూలుగలోని కాన్సరు కణములు ప్రతిరక్షకములను, అనగా రోగములను ఎదిరించు ప్రోటీనులను, అదుపు లేకుండ తయారు చేయుననియు, వానిలోని తేలికపాటి ముక్కలే మూత్రములోనికి జారుచున్నవనియు 1962లో ఎడెల్మన్, గాలీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఈ ప్రోటీను మూత్రములో విస్తారముగా ఉండినందున పరీక్షనాళిక, దీపము ఉన్న చాలును, దానిని కనిపెట్టవచ్చును. తక్కిన సూచకములు ఇంత సమృద్ధిగా నుండవు. ఒక ఉదాహరణము. ప్రోస్టేటు గ్రంథి తయారు చేయు పి.ఎస్.ఏ. అను ప్రోటీను ఒక మిల్లీలీటరు రక్తద్రవములో 4 నానోగ్రాములకు మించినచో వైద్యులు ఆలోచించెడివారు. నానోగ్రాము అనగా గ్రాములో 100 కోట్లవ వంతు. అదే మిల్లీలీటరులో ఇతర ప్రోటీనులన్నియు కలిసి సుమారు 7 కోట్ల నానోగ్రాము లుండును. అనగా దాదాపు 1 కోటి 75 లక్షల పాళ్లలో ఒక పాలు మాత్రమే వెదకవలసిన పదార్థము. ఒక్కొక్క బస్తాలో లక్షల గింజలున్న ధాన్యపు గిడ్డంగిలో కొన్ని రాళ్లను ఏరుట వంటి పని యిది. త్రాసులకు గాని, సాధారణ రసాయన పరీక్షలకు గాని అది అందదు.

ఉత్ప్రేరకమనగా నేమి?

హైస్కూలు ప్రయోగశాలలో ఆక్సిజను తయారు చేయునప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడులో కొంచెము మాంగనీస్ డయాక్సైడు వేయుదురు. వెంటనే బుడగలు పొంగును. పని ముగిసిన తరువాత వడగట్టి ఎండబెట్టి తూచినచో మాంగనీస్ డయాక్సైడు వేసినంతయు ఉండును. తాను ఖర్చు కాకుండ చర్యను త్వరితము చేయు ఇట్టి పదార్థమే ఉత్ప్రేరకము. ఈ విధమైన చర్యలన్నింటిని ఒకచోట చేర్చి 1835లో ఒక పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్.

ఉత్ప్రేరకము చేయునది యేమి? ఒక పదార్థము మరొక పదార్థముగా మారుటకు నడుమ ఒక శక్తిగట్టును దాటవలసి యుండును. దానిని ఉత్తేజన శక్తి అందురు. విశాఖపట్టణము నుండి అరకు పోవు రైలు కొండ శిఖరము లెక్కదు. సొరంగములలో దూరి పోవును. ఉత్ప్రేరకము కూడ అట్టి సొరంగమును చూపును. గట్టు ఎత్తు తగ్గును. గమ్యము మాత్రము మారదు.

జీవుల శరీరములోని ఉత్ప్రేరకములకు ఎంజైములు అని పేరు. పచ్చి బంగాళాదుంప ముక్కను హైడ్రోజన్ పెరాక్సైడులో వేసినచో మాంగనీస్ డయాక్సైడు వేసినట్లే నురుగు పొంగును. దుంపలోని కెటలేజు అను ఎంజైము దీనికి కారణము. దాని అణువు ఒక్కటియే సెకనుకు లక్షల కొలది పెరాక్సైడు అణువులను విడగొట్టగలదు. అదే దుంపను ఉడకబెట్టి వేసినచో నురుగు రాదు. ఎంజైము ప్రోటీను గావున వేడికి దాని ఆకారము చెడును. ఆకారముతో పాటు పనియు పోవును. ఈ చిన్న ప్రయోగము నుండి రెండు విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. ఒక ఎంజైము అణువు అనేకమైన అణువులను మార్చును. అది వేడికి తాళదు. ఈ రెండును ముందు అవసరమగును.

తానే ఉత్ప్రేరకమైన సూచకము

సూచకము తానే ఒక ఎంజైము అయినచో దానిని కనుగొనుట ఎంత సులభము! దానిని బరువు తూచనక్కరలేదు. అది చేసిన పనిని కొలిచిన చాలును. గిడ్డంగిలోని ఎలుక కనబడకపోయినను, అది కొట్టిన గింజల పొట్టును బట్టి దాని ఉనికి తెలియును గదా!

1938లో న్యూయార్కు నగరమున అలెగ్జాండర్ గట్మన్, ఎథెల్ గట్మన్ అను దంపతులు ఇట్టి సూచకమును గూర్చి ప్రకటించిరి. ప్రోస్టేటు గ్రంథిలో ఆసిడ్ ఫాస్ఫటేజు అను ఎంజైము హెచ్చుగా ఉండును. ఆ గ్రంథి కాన్సరు ఎముకలకు ప్రాకిన రోగుల రక్తములో ఈ ఎంజైము పెరుగుచున్నదని వారు చూపిరి. ఫాస్ఫేటు గల పదార్థము నుండి ఫాస్ఫేటును విడదీయుట దీని పని. అట్లు విడివడిన పదార్థమును రంగుగా మార్చి, ఆ రంగు చిక్కదనమును కొలిచినచో ఎంజైము ఎంత యున్నదో తేలును.

ఇట్లు రంగును బట్టి ఫాస్ఫేటును కొలుచు పద్ధతులలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరుతో వెలసినది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కుతో కలిసి 1925లో ఆ పద్ధతిని ప్రకటించెను. రక్తములో గాని, మూత్రములో గాని ఉన్న ఫాస్ఫేటు ఆ పద్ధతిలో నీలిరంగుగా కనబడును. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అను పేర అది జీవరసాయన ప్రయోగశాలలలో తరతరముల విద్యార్థులకు పాఠమైనది.

షికాగోలోని చార్లెస్ హగ్గిన్సు ఆసిడ్ ఫాస్ఫటేజును వేరొక విధముగా ఉపయోగించెను. పురుష హార్మోనులను తగ్గించినచో ప్రోస్టేటు కాన్సరు లొంగునని 1941లో ఆయన చూపెను. చికిత్స ఫలించుచున్నదో లేదో ఆయనకు తెలిపినది రక్తములోని ఆ ఎంజైము పరిమాణమే. ఈ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమానము లభించినది. తరువాతి కాలమున పి.ఎస్.ఏ. పరీక్ష వచ్చి ఆసిడ్ ఫాస్ఫటేజు పరీక్షను వెనుకకు నెట్టినది.

ఉత్ప్రేరకము కాని సూచకములు

సూచకములన్నియు ఇట్లు తమంతట తాము పని చేసి చూపవు. 1963లో సోవియట్ శాస్త్రజ్ఞుడు గారీ అబెలెవ్ కాలేయపు కణితులున్న ఎలుకల రక్తములో, పిండదశలో మాత్రమే ఉండవలసిన ఆల్ఫా-ఫీటోప్రోటీను అను పదార్థమును చూచెను. మరుసటి సంవత్సరము టాటారినోవ్ దానిని కాలేయ కాన్సరు రోగుల రక్తములో చూచినట్లు తెలిపెను. 1965లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫిల్ గోల్డ్, సామ్యూల్ ఫ్రీడ్మన్ పెద్దప్రేగు కాన్సరులో సి.ఇ.ఏ. అను పదార్థమును కనుగొనిరి. అదియు పిండములోని కణజాలమునకు చెందినదే. కాన్సరు కణము తన వయస్సును మరచి శిశుదశ నాటి పనులు తిరిగి చేయుచున్నదన్న మాట.

ఈ ప్రోటీనులు ఫాస్ఫటేజు వలె రంగును పుట్టించవు. వీనిని పట్టుకొనుటకు ప్రతిరక్షకములను వినియోగించిరి. ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క పదార్థమునకు మాత్రమే, తాళమునకు తాళపుచెవి వలె, అతుకుకొనును. కోట్ల అణువుల నడుమ నున్నను తనకు కావలసిన అణువును అది వదలదు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకమైన ప్రతిరక్షకములను ఎంత కావలసిన నంత తయారు చేయు మార్గమును కనుగొనుటతో ఈ పని మరింత సులభమైనది.

అయితే పట్టుకొన్నట్లు తెలియుట ఎట్లు? ప్రతిరక్షకమును సహితము కంటితో చూడలేము. మొదట రేడియోధార్మిక అయొడీనును గుర్తుగా వాడిరి. ఈ మార్గమును చూపిన బెర్సన్, యాలో అనువారిలో రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ బహుమానము వచ్చినది. బెర్సన్ అప్పటికే మరణించెను. ఈ పద్ధతి సున్నితమైనదే కాని, రేడియోధార్మిక పదార్థము రోజురోజునకు క్షీణించును. దానిని వాడుటకు ప్రత్యేకమైన పరికరములు, జాగ్రత్తలు కావలెను. ప్రతి ఊరి ఆసుపత్రికి అవి సాధ్యము కావు.

1971లో స్వీడన్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్, అదే సంవత్సరము నెదర్లాండ్స్‌లో వాన్ వీమెన్, స్కూర్స్ వేరువేరుగా ఒకే ఆలోచన చేసిరి. సూచకము తానుగా ఉత్ప్రేరకము కాకపోయినచో దానికి ఒక ఉత్ప్రేరకమును ఎందుకు తగిలించరాదు? ఈ పద్ధతియే నేడు ఎలిసా అను పేర ఆసుపత్రులలో వాడుకలో నున్నది.

దీని క్రమము సులభమైనది. ప్లాస్టిక్ పళ్లెములోని చిన్న గుంటల అడుగున ఒక ప్రతిరక్షకమును పూసి ఉంచుదురు. అందులో రక్తద్రవమును పోసినచో సూచకము ఆ ప్రతిరక్షకమునకు చిక్కుకొనును. తక్కినదంతయు కడిగివేయుదురు. పిమ్మట ఎంజైమును మోయుచున్న రెండవ ప్రతిరక్షకమును పోయుదురు. అది చిక్కిన సూచకమునకు రెండవ వైపున అతుకుకొనును. అతుకనిది మరల కడుగుటలో పోవును. చివరకు రంగు లేని ఒక పదార్థమును, హైడ్రోజన్ పెరాక్సైడును పోయుదురు. సూచకము ఉన్నచోట ఎంజైము ఉండును. ఎంజైము ఉన్నచోట నీలిరంగు పుట్టును. కొంచెము ఆమ్లము చేర్చినచో నీలము పసుపుగా మారి చర్య ఆగును. ఆ పసుపు ఎంత చిక్కగా నున్నదో యంత్రము కొలుచును. ఇందుకు తరచుగా వాడు పెరాక్సిడేజు అను ఎంజైము ముల్లంగి కుటుంబమునకు చెందిన హార్స్‌రాడిష్ అను మొక్క వేరు నుండి లభించును.

రంగు లెక్క

ఎంజైము లేకున్నచో ఏమగునో లెక్క వేసి చూడవచ్చును. పి.ఎస్.ఏ. అణుభారము సుమారు 30,000. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు అనగా లీటరుకు 4 మైక్రోగ్రాములు. దీనిని అణుభారముచే భాగించినచో లీటరుకు దాదాపు 1.3 × 10⁻¹⁰ మోలు వచ్చును. ప్రతి సూచక అణువునకు ఒక రంగు అణువును తగిలించినను, ఆ ద్రవము నీటి వలెనే కనబడును. రంగు చక్కగా కొలుచుటకు లీటరుకు 10⁻⁵ మోలు ప్రాంతమున ఉండవలెను. అనగా లక్ష రెట్లు తక్కువ పడినది.

ఇప్పుడు ఎంజైము వచ్చినది. ఒక ఎంజైము అణువు సెకనుకు 100 అణువులను మార్చుననుకొందము. అరగంటకు 1,800 సెకనులు. కాబట్టి ఒక అణువు 1,80,000 రంగు అణువులను పుట్టించును. ఇంతకు ముందు తక్కువ పడిన లక్ష రెట్లు తీరినది. కంటికి కనబడని అంకె రంగుగా మారినది. ఉత్ప్రేరకము ఖర్చు కాదన్న పాఠ్యపుస్తకపు వాక్యమునకు ఆసుపత్రిలో ఉన్న విలువ ఇదియే.

అంకెను నమ్మిన వైద్యుడు

సూచకము కొలుచుట వలన ప్రాణములు దక్కిన వృత్తాంత మొకటి చెప్పదగినది. గర్భిణి మావి కణముల నుండి కోరియోకార్సినోమా అను కాన్సరు అరుదుగా పుట్టును. అది త్వరగా ఊపిరితిత్తులకు ప్రాకును. ఒకప్పుడు అది ప్రాకిన స్త్రీలు బ్రతుకుట అరుదు. మావి కణములు హెచ్.సి.జి. అను హార్మోనును తయారు చేయును; గర్భమును నిర్ధారించు పరీక్షలు వెదకునది దీనినే. కోరియోకార్సినోమా కణములును దానిని విడుచుచుండును గావున రక్తములో, మూత్రములో ఆ హార్మోను ఉన్నంతవరకు వ్యాధి ఉన్నదని గ్రహింపవచ్చును.

ఈ వ్యాధికి దొరకిన మందు మెథోట్రెక్సేటు. సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై జరిగిన కృషి నుండి పుట్టిన మందు ఇది. ఇక్కడ కూడ ఉత్ప్రేరకమే ప్రధానము. కణము చీలుటకు కొత్త డి.ఎన్.ఏ. కావలెను. దానికి ఫోలిక్ ఆమ్లమును పనికి వచ్చు రూపమునకు మార్చు ఒక ఎంజైము కావలెను. మెథోట్రెక్సేటు రూపమున ఫోలిక్ ఆమ్లమును పోలియుండి ఆ ఎంజైమునకు అడ్డుపడి దానిని పని చేయనీయదు. కణము చీలుట ఆగును. సుబ్బారావు 1948లో మరణించినందున ఈ మందు సాధించిన విజయమును చూడలేకపోయెను.

1956లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మున్నగువారు కోరియోకార్సినోమా రోగులకు మెథోట్రెక్సేటు ఇచ్చిరి. ఊపిరితిత్తులలోని మచ్చలు ఎక్స్‌రే చిత్రములలో మాయమైనవి. రోగము నయమైనట్లే కనబడినది. కాని హార్మోను పూర్తిగా పోలేదు. కొంచెము మిగిలి యుండెను. కనబడని వ్యాధి మిగిలియున్నదని లీ ఆ అంకెను నమ్మెను. హార్మోను సున్నకు వచ్చువరకు మందు ఆపరాదని పట్టుబట్టెను. కంటికి కణితి లేనప్పుడు విషము వంటి మందు ఇచ్చుట ఏమని పైవారు ఆక్షేపించిరి. లీ ఆ సంస్థను విడువవలసి వచ్చెను.

కాలము తీర్పు చెప్పెను. మందు ముందుగా ఆపిన రోగులకు వ్యాధి తిరిగి వచ్చినది. అంకె సున్న అగువరకు ఇచ్చిన రోగులు నిలిచిరి. ప్రాకిన ఘన కణితిని మందులతోనే నయము చేయవచ్చునని లోకమునకు మొదటిసారి తెలిసినది. లీ, హెర్ట్జ్ మున్నగువారికి 1972లో లాస్కర్ బహుమానము లభించినది. నేడు సకాలమున చికిత్స పొందినచో ఈ వ్యాధి గలవారిలో నూటికి 90 మందికి పైగా కోలుకొనుచున్నారు.

అంకె చెప్పలేనిది

ఈ వృత్తాంతము విన్నవారికి ఒక ప్రశ్న తోచును. రోగి విషయమున ఇంత ఉపకరించిన రక్తపరీక్షను ఆరోగ్యవంతులందరికి ఏటేట చేసినచో కాన్సరును మొదటనే పట్టరాదా? ఇక్కడనే రెండవ చిక్కు ఎదురగును.

కోరియోకార్సినోమాలో హెచ్.సి.జి. వంటి నమ్మకమైన సూచకము అరుదు. తక్కిన వానికి కారణములు అనేకము. పి.ఎస్.ఏ. ప్రోస్టేటు గ్రంథికి ప్రత్యేకమైనదే కాని, కాన్సరుకు ప్రత్యేకమైనది కాదు. అది వీర్యమును పలుచబరచు ఒక ఎంజైము, ఆరోగ్యవంతులలోను ఉండును. వయస్సుతో గ్రంథి పెరిగినను, వాచినను, అది రక్తములో హెచ్చును. సి.ఇ.ఏ. పొగ త్రాగువారిలో కొంత హెచ్చుగా నుండును. ఆల్ఫా-ఫీటోప్రోటీను గర్భిణులలోను, కాలేయపు వాపు గలవారిలోను పెరుగును. పోనీ, అంకె తక్కువగా ఉన్నంత మాత్రమున కాన్సరు లేదని చెప్పుటకును వీలులేదు. సూచకమును విడువని కణితులును కలవు.

దీని ఫలితమును ఒక లెక్కతో చూడవచ్చును. ఒక ఊరిలో 10,000 మందిని పరీక్షించిరనుకొందము. వారిలో 40 మందికి మాత్రమే ఆ కాన్సరు ఉన్నది. పరీక్ష మంచిదే, రోగులలో నూటికి 90 మందిని పట్టును, ఆరోగ్యవంతులలో నూటికి 95 మందికి వ్యాధి లేదని సరిగా చెప్పును. అప్పుడు 40 మందిలో 36 మంది దొరకుదురు, నలుగురు తప్పించుకొందురు. మిగిలిన 9,960 మంది ఆరోగ్యవంతులలో నూటికి 5 చొప్పున 498 మందికి వ్యాధి ఉన్నట్లు పరీక్ష చెప్పును. మొత్తము 534 మందికి భయము పుట్టును. వారిలో నిజముగా వ్యాధి గలవారు 36 మంది, అనగా ఇంచుమించు 15 మందిలో ఒకరు. మిగిలినవారు సూదులతో ముక్క తీయించుకొనుట, ఆసుపత్రుల చుట్టు తిరుగుట, నిద్రలేని రాత్రులు గడపుట – ఇవన్నియు వృథాగా అనుభవింతురు. పరీక్ష ఎంత సున్నితమైనను ఈ లెక్క మారదు. వ్యాధి అరుదైనకొలది పట్టువడినవారిలో ఆరోగ్యవంతుల పాలు పెరుగును.

ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు. అండాశయ కాన్సరునకు సి.ఏ.125 అను సూచకమును 1981లో రాబర్ట్ బాస్టు మున్నగువారు కనుగొనిరి. దానితో ముందుగా వెదకినచో మరణములు తగ్గునా అని తేల్చుటకు బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా స్త్రీలతో పెద్ద పరిశోధన జరిగినది. 2001 నుండి 2005 వరకు వారిని చేర్చుకొని, ఒక వర్గమునకు ఏటేట ఈ రక్తపరీక్ష చేసి, వారిని సంవత్సరముల తరబడి గమనించిరి. 2021లో తుది ఫలితము వెలువడినది. పరీక్ష చేసినవారిలో తొలిదశ కాన్సరులు ఎక్కువగా దొరకిన మాట నిజమే. కాని మరణములు చెప్పుకోదగినంత తగ్గలేదు. ముందుగా కనుగొనుట వేరు, ప్రాణము నిలుపుట వేరు అని ఇంత స్పష్టముగా చెప్పిన ఉదాహరణములు తక్కువ.

పి.ఎస్.ఏ. విషయములోను ఇట్టి చర్చ జరిగినది. మెల్లగా పెరుగుచు జీవితాంతము హాని చేయని కణితులను సహితము ఆ పరీక్ష బయటపెట్టుచున్నది. వానికి చేసిన చికిత్సయే కొందరికి బాధ కలిగించినది. 2012లో అమెరికా నిపుణుల సంఘము అందరికి ఆ పరీక్ష వలదని సూచించినది. 2018లో 55 నుండి 69 ఏండ్ల వారు వైద్యునితో లాభనష్టములు మాట్లాడుకొని ఎవరికి వారు నిర్ణయించుకొనవలెనని మార్చినది.

నేటి ప్రయోగశాలలు

శాస్త్రజ్ఞులు రెండు మార్గములలో ముందుకు పోవుచున్నారు. ఒకటి ఉత్ప్రేరకమును మెరుగుపరచుట. ఎంజైము వేడికి చెడునని బంగాళాదుంప ప్రయోగము చూపినది. శీతల పెట్టె లేనిచోట పరీక్షలు చెడిపోవుటకు ఇది ఒక కారణము. 2007లో బీజింగ్‌లో యాన్ షియున్ మున్నగు చైనా శాస్త్రజ్ఞులు ఒక వింతను ప్రకటించిరి. అయస్కాంతపు రాయిలో ఉండు ఇనుప ఆక్సైడును నానోమీటర్ల పరిమాణముగల రేణువులుగా చేసినచో, అది పెరాక్సిడేజు ఎంజైము వలెనే రంగును పుట్టించును. వేడికి తాళును, చవుకగా తయారగును, అయస్కాంతముతో ద్రవము నుండి వేరు చేయవచ్చును. ఇట్టి రేణువులను నానోజైములు అందురు. మాంగనీస్ డయాక్సైడుకు, ఎంజైముకు నడుమ నున్న కొత్త తెగ ఇది. నిజమైన ఎంజైమునకు ఉన్నంత ఎంపిక దీనికి లేదు. ఒక పదార్థముపైననే గాక పలువిధముల పదార్థములపై పని చేయుట దీని లోపము. దానిని సరిదిద్దుటకు అనేక ప్రయోగశాలలలో కృషి సాగుచున్నది.

రెండవ మార్గము సూచకమునే మార్చుట. చచ్చిన కణముల డి.ఎన్.ఏ. ముక్కలు రక్తములో తిరుగుచుండునని 1948లోనే ఫ్రాన్సులో మాండెల్, మెటే అనువారు తెలిపిరి. కాన్సరు కణముల డి.ఎన్.ఏ.లో మార్పులు ఉండును. కాబట్టి ఆ మార్పు గల ముక్క దొరకినచో అది వాచిన గ్రంథి నుండి గాక కాన్సరు నుండియే వచ్చినదని చెప్పుటకు అవకాశము హెచ్చు. ఆ ముక్కలును మిక్కిలి కొద్దివే. ఇక్కడను ఉత్ప్రేరకమే ఆదుకొన్నది. 1983లో కారీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతిలో పాలిమరేజు అను ఎంజైము ఒక డి.ఎన్.ఏ. ముక్కను రెండుగా, రెంటిని నాలుగుగా చేయుచు పోవును. 30 మారులు రెట్టింపైనచో ఒక ముక్క 107 కోట్లు దాటును. వేడికి తాళు ఆ ఎంజైము అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో దొరకిన సూక్ష్మజీవి నుండి వచ్చినది. కాన్సరు కణము ఏ రెట్టింపుతో పెరుగునో, అదే రెట్టింపుతో దాని జాడయు పెరిగి పట్టువడుచున్నది. ఒక రకము ఊపిరితిత్తుల కాన్సరులో ఏ మందు పని చేయునో తెలిసికొనుటకు ఇట్టి రక్తపరీక్షకు 2016లో అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చినది.

ఇదియు రోగి విషయమే. ఆరోగ్యవంతులలో వెదకుటకు పై లెక్క దీనికిని వర్తించును. ఎంత సూక్ష్మమైన జాడనైనను పట్టగలుగుట ఒక సంగతి. ఆ జాడను పట్టుట వలన మరణములు తగ్గినవని చూపుట మరొక సంగతి. రెండవదానిని వేలమందిని ఏండ్ల తరబడి గమనించియే తేల్చవలెను.

కావున రక్తపరీక్ష కాగితముపై అంకె హెచ్చుగా నున్నంత మాత్రమున కాన్సరు అని బెదరిపోరాదు. తక్కువగా నున్నంత మాత్రమున ఏమియు లేదని ఊరకుండరాదు. చికిత్స పొందుచున్న రోగికి ఆ అంకెల వరుస దారి చూపును. ఆరోగ్యవంతునికి ఒక్క అంకె దారి తప్పించవచ్చును. మన దేశములో హెచ్చుగా కనబడు నోటి కాన్సరును, గర్భాశయ ముఖద్వారపు కాన్సరును, రొమ్ము కాన్సరును వెదకుటకు రక్తములోని సూచకములతో పనిలేదు. 30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో వీనిని శిక్షణ పొందినవారు నేరుగా పరీక్షించు ఏర్పాటు కలదు. నోటిలో మానని పుండు, తెల్లని మచ్చ, రొమ్ములో గట్టి గడ్డ, కారణము లేని రక్తస్రావము ఉన్నవారు ఏ అంకె కొరకును వేచియుండక వైద్యునికి చూపించుకొనవలెను.